నిడదవోలు నాగేశ్వరం

కుస్తీ షోలన్నీ ముందే మాట్లాడుకుని ఆడే నాటకాలని నాకు చెప్పడానికి వచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఏదో ప్రభుత్వ రహస్యం బయటపెట్టినట్టు మొహం పెడతారు. నేను పాతికేళ్ళుగా ధర్నాలు చేస్తున్నాను. తహసీల్ ఆఫీసు ముందు మేం అరవడం, లోపలి నుంచి ఒకాయన వచ్చి కాగితం తీసుకోవడం, 'పరిశీలిస్తాం' అనడం, మేం జిందాబాద్ కొట్టి లేవడం. ఇది ముందే తెలిసిన ఆట కాదా? అయినా అరుస్తాం. గొంతు పోయేలా అరుస్తాం. ఆట ముందే తెలిసినంత మాత్రాన అరుపు అబద్ధమైపోదు.

కాబట్టి కుస్తీ గురించి నాకు పాఠాలు వద్దు. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు.

అది 2024 ఎండాకాలం. మే పదమూడున ఓట్లు అయిపోయాయి గానీ ఎన్నికల కోడ్ ఇంకా పోలేదు. మైకు పెట్టాలంటే పర్మిషన్, నలుగురు కూర్చోవాలంటే పర్మిషన్. మా హమాలీ సంఘానికి చేతులు కట్టేసినట్టుంది. దానికి తోడు మూఢం వచ్చింది. జూన్ దాటేదాకా పెళ్ళిళ్ళు లేవు. పెళ్ళిళ్ళు లేకపోతే తిరుమల్‌కు పని లేదు. తిరుమల్‌ది టెంట్ హౌస్. నాతో ఏడో తరగతి దాకా చదివాడు. నేను అక్కడే ఆగిపోయాను, వాడు ఇంకొంచెం దూరం పోయి ఆగాడు.

ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేశాడు.

"అరే దేవా, జల్ది రా. యాదగిరి దొర్కిండు."

"ఏ యాదగిరి?"

"ఏ యాదగిరేందిరా? యాచారం యాదగిరి!"

చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ పోయాను.

యాచారం యాదగిరి అసలు పేరు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వాడు అమెరికావాడు. పసుపు జుట్టు, ఎర్ర చెడ్డీ, ఒక్కో భుజం బియ్యం బస్తా అంత. వాడికి యాచారం అని ఊరు పెట్టినవాడు జోగారావు సార్. నిడదవోలు నుంచి వచ్చి మా బస్టాండు వెనక రెండు గదుల్లో కేబుల్ పెట్టిన మనిషి. అప్పట్లో పట్నం నుంచి వారం పాత కుస్తీ క్యాసెట్లు తెచ్చి, ఆదివారం పదకొండు గంటలకు తన లోకల్ చానల్లో వేసేవాడు. ఆ ఇంగ్లీషు కామెంటరీ మాకెవరికీ అర్థమయ్యేది కాదు. నిజం చెప్పాలంటే ఆయనకూ పూర్తిగా అర్థమయ్యేది కాదు. అందుకని ఆ చప్పుడు తీసేసి, మైకు ముందు తనే కూర్చునేవాడు. బొమ్మ అమెరికాది, మాట ఆయనది.

కొట్లాటకు ముందు ఒక తగువు ఉండాలి కదా. అది కూడా ఆయనే పుట్టించేవాడు. యాదగిరి బోరు ఎండిపోయింది, మంచాల మల్లేశ్ చెల్లెలి పెళ్ళి ఆగిపోయింది, ఇలాంటివి. మధ్యలో "అంగట్లో నల్లబర్రె తప్పిపోయింది, చెవికి గాటు ఉంది, చూసినవాళ్ళు కేబుల్ ఆఫీసులో చెప్పాలి" అని ఒక ప్రకటన. మళ్ళీ కొట్లాట. మంచివాళ్ళందరికీ మా చుట్టుపక్కల ఊళ్ళు పంచేశాడు. దొంగదెబ్బ తీసేవాడికి మాత్రం తన ఊరు పెట్టుకున్నాడు. నల్ల కోటు వేసుకుని వచ్చే ఆ దుర్మార్గుడి పేరు నిడదవోలు నాగేశ్వరం.

ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను. "వేరే ఊరి పేరు పెడితే ఆ ఊరివాళ్ళు వచ్చి నా డిష్ పీకుతారు. మా ఊరివాళ్ళు ఇక్కడెవరున్నారు రా, నేను తప్ప?" అన్నాడు.

నేను మాట్లాడటం ఎవరి దగ్గరా నేర్చుకోలేదని సభల్లో గొప్పగా చెప్పుకుంటాను. అది కోత. ఎక్కడ గొంతు దించాలి, ఎక్కడ ఆగి జనాన్ని ఊపిరి బిగబట్టించాలి, శత్రువు పేరు ఎప్పుడు బయటికి తీయాలి, ఇదంతా ఆ రెండు గదుల్లోంచి వచ్చిన గొంతు నుంచే పట్టుకున్నాను.

టెంట్ హౌస్ షెడ్డులో కుర్చీలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య చోటు చేసి తిరుమల్ పెద్ద టీవీ పెట్టాడు. ఫోన్లో దొరికిన వీడియోను అందులోకి ఎక్కించాడు. భూలక్ష్మక్క అప్పటికే వచ్చి కూర్చుంది. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ ఆమెదే. పెళ్ళికి ముందు మా వాడ మొత్తంలో ఆమె కంటే గట్టిగా కుస్తీ చూసినవాళ్ళు లేరు. ఇంకో ఆరేడుగురు పాతవాళ్ళు కూడా పోగయ్యారు.

యాదగిరి వచ్చాడు. మేమంతా ఈల వేశాం. పది నిమిషాలు గడిచాయి. ఈలలు ఆగిపోయాయి.

"వీడేనా?" అంది భూలక్ష్మక్క. "గప్పుడు గుట్ట లెక్క ఉండె. గిట్ల బొద్దుగున్నడేంది?"

"మనిషి గాడే అక్కా," అన్నాడు తిరుమల్.

"మరి ఎందుకు కొట్టుకుంటుండ్రు?"

టీవీలో ఇద్దరు అమెరికావాళ్ళు ఇంగ్లీషులో గోల పెడుతున్నారు. రింగులో ఇద్దరు లావుపాటి మనుషులు చెమటలు కారుస్తూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. అంతే.

తిరుమల్ టీవీ చప్పుడు తీసేసి కామెంటరీ మొదలుపెట్టాడు. "ఇగో యాదగిరి వచ్చిండు... కొట్టిండు... ఇంకోటి కొట్టిండు..."

"మాకు కండ్లు లేవా?" అంది అక్క.

నాకు ఊపొచ్చింది. లేచాను. "యాదగిరి ఎవడు? కష్టజీవి! నాగేశ్వరం ఎవడు? దోపిడీదారు! ఈ దోపిడీ ఎన్నాళ్ళని అడుగుతున్నా!"

"కూసో తమ్మీ," అంది అక్క. "కుస్తీ చూద్దామని వస్తే దర్నా పెట్టినవ్. జిందాబాద్ అనాల్నా మేము?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగిపోయాక అక్క మామూలుగా, మామిడి ముక్కకు కారం అద్దుతూ అంది.

"జోగారావు సార్ ఉంటే వేరే ఉండె. నువ్వు ఎల్లగొడితివి."

"నేనెక్కడ ఎల్లగొట్టిన? ఒక్క రాయి ఇసిరిన్నా?"

"ఇసిరినా మంచిగుండు. నొస్టికి కట్టు కట్టుకొని ఈడనే ఉండేటోడు."

తిరుమల్ టీవీ ఆపేశాడు. ఆ మ్యాచ్ సగంలోనే ఆగిపోయింది. ఆఖరు మాకెలాగూ తెలుసు. పాతికేళ్ళ కింద చూసిందే: నాగేశ్వరం బుద్ధి తెచ్చుకుని యాదగిరిని క్షమించమంటాడు, యాదగిరి లేవదీసి కౌగిలించుకుంటాడు, సరిగ్గా అప్పుడే కేబుల్ ఆఫీసులో కరెంటు పోయి బొమ్మ ఆగిపోయింది. ఆ వారమంతా ఊళ్ళో అదే ముచ్చట.

నేను చేసింది ఇది. దాచడానికి ఏమీ లేదు.

2011లో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బస్టాండు ముందు టెంటు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. నేను మూడో వక్తను. జనం కునుకుతున్నారు. అప్పుడే జోగారావు సార్ తన ఆఫీసులోంచి వస్తున్నాడు. భుజం మీద మంచినీళ్ళ క్యాన్. మా కోసమే. రోజూ తెచ్చిపెడుతున్నాడు. నా నోటికి ఆ మాట ఎట్లా వచ్చిందో! మైకులో అన్నాను: "చూడుండ్రి, ఎవలు వస్తున్నరో చూడుండ్రి! నిడదవోలు నాగేశ్వరం! ముంగట నవ్వుతడు, ఎనకకెళ్ళి దెబ్బేస్తడు!"

టెంటు మొత్తం లేచింది. అంత నవ్వు నేను ఏ సభలోనూ తెప్పించలేదు. ఆయన కూడా నవ్వాడు. క్యాన్ దించి, గ్లాసులు పక్కన పెట్టి, వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆయన బయటికొస్తే చాలు, నాగేశ్వరం, నాగేశ్వరం అని పిల్లలు. కేబుల్ బిల్లుకు పోతే, నాగేశ్వరం వచ్చిండు అని పెద్దవాళ్ళు. కూరగాయల అంగట్లో ఆయన భార్య తాయారమ్మను నాగేశ్వరం పెండ్లాం అన్నారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ చెయ్యి వేయలేదు. ఊరు ఊరంతా నవ్వింది, అంతే. నాలుగు నెలలకు కేబుల్ ఎవరికో అప్పజెప్పి పట్నం పక్కన బడంగ్‌పేట్ వెళ్ళిపోయారు. నేను దాన్ని పదమూడేళ్ళు మజాకు కిందే లెక్క వేసుకున్నాను.

ఆ తాయారమ్మే, ఆ సమ్మెకు రెండేళ్ళ ముందు, నేను లాకప్పులో ఉన్నప్పుడు నా భార్య రమను ఆటోలో వేసుకుని దవాఖానకు పోయింది. నా బిడ్డ అంకిత పుట్టింది ఆమె చేతుల్లో. రెండు రాత్రులు రమ దగ్గర ఆమే కూర్చుంది.

ఆ ఆదివారం ఇంటికొచ్చి, రమ బట్టలు మడత పెడుతుంటే పక్కన నిలబడ్డాను.

"జోగారావు సార్ నంబరు ఎవల దగ్గరన్న ఉంటదా?"

రమ తల ఎత్తలేదు. "ఎందుకు?"

"కుస్తీకి పిలుద్దామని."

"కుస్తీకి."

"అవ్."

ఆమె ఒక లంగా మడిచింది, ఒక తువ్వాలు మడిచింది. తర్వాత ఫోన్ తీసి నాకిచ్చింది. స్క్రీన్ మీద 'పిండిమర' అని ఉంది.

"గిది పిండిమర నంబరు," అన్నాను.

"పిండిమరకు వారానికి రెండుసార్లు ఫోన్ జేస్తరా ఎవలన్న?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పదమూడేళ్ళు. నా ఇంట్లో, నా పక్కన కూర్చుని, పిండిమరతో మాట్లాడింది నా భార్య. మోకాళ్ళ నొప్పులు, అంకిత మార్కులు, అన్నీ ఆ పిండిమరకు తెలుసు.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మైకు పట్టుకొని అంటవని," అంది రమ. గొంతు పెంచలేదు. "ఫోన్ గాదు. పో. ఎదురుంగ నిలబడి అడుగు."

పోయాను. బైకు మీద బడంగ్‌పేట్ ఎంత దూరం? గంట కూడా పట్టదు. పదమూడేళ్ళలో ఆ పక్క నుంచి ఎన్నిసార్లు పోయానో.

మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు. తలుపు తీసింది తాయారమ్మ. చేతులకు ఆవపిండి. నన్ను చూసి, "రమ బాగుందా?" అంది. ఆమెకు తెలియనిది ఏముంది! అయినా అడిగింది. లోపలికి రమ్మంది.

జోగారావు సార్ కుర్చీలో పేపరు చదువుతున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. గొంతు మాత్రం అదే.

"రండి, దేవేందర్ గారూ. కూర్చోండి."

నా జీవితంలో సీఐలు తిట్టారు, లాఠీలు పడ్డాయి, ఒక ఎమ్మెల్యే మనిషి చెప్పు చూపించాడు. ఏదీ ఆ 'గారూ' అంత తగల్లేదు. ఆయన నన్ను ఎప్పుడూ ఒరేయ్ దేవా అని తప్ప పిలవలేదు.

కూర్చున్నాను. నేను డిమాండ్ చేయడం నేర్చినవాణ్ణి. ఏదైనా కావాలంటే 'తక్షణమే' అని మొదలుపెడతాను. ఇక్కడ దేనికి తక్షణమే అంటాను?

"తిరుమల్‌కు పాత మ్యాచులు దొరికినయ్ సార్," అన్నాను. "ఆదివారం ఆదివారం చూస్తున్నం. మీరు లేక సప్పగ ఉంది. జర వచ్చి మాట్లాడాలె మీరు."

"నేనా?" పేపరు మడిచాడు. "నాకు ఆ పని ఇప్పుడు రాదండీ. గొంతు కూడా సరిగ్గా లేదు. టీవీల్లో ఇప్పుడు తెలుగులో చెప్పేవాళ్ళు బోలెడుమంది వచ్చారు కదా."

"వాళ్ళకు యాదగిరి తెల్వదు సార్."

ఆయన నవ్వలేదు. తాయారమ్మ మజ్జిగ తెచ్చింది. తాగాను. గ్లాసు కింద పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను, అందులో ఏమీ లేదు. చెప్పాల్సిన మాట పళ్ళ వెనక దాకా వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. లేచాను.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అడిగాడు.

"ఏ మ్యాచ్ దొరికింది?"

"యాదగిరి, నాగేశ్వరం. ఇద్దరు కలిసిపోయేది."

"ఆఖరిదాకా చూశారా?"

"లేదు సార్. సగంల ఆపినం."

"ఓహో," అన్నాడు. మళ్ళీ పేపరు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి రమతో చెప్పాను, రాడు అని. "అడిగినవా?" అంది. "అడిగిన." "ఏం అడిగినవ్?" "కుస్తీకి రమ్మని." రమ నా వంక చూసి, ఇంక ఆ వారమంతా ఆ ఊసు ఎత్తలేదు. నేనెత్తితే వంటింట్లోకి పోయింది. ఆ ముసలాయన రాకపోతే కుస్తీ ఆగిపోతుంది, అది పెద్ద నష్టం కాదు. కానీ రమ ఫోన్లో పిండిమర పిండిమరలాగే ఉండిపోతుంది. అది నేను భరించలేనని ఆ వారంలో నాకు తెలిసింది.

మళ్ళీ ఆదివారం. షెడ్డు రేకులు కాలుతున్నాయి. తిరుమల్ కూలర్ పెట్టాడు. ఈసారి పన్నెండు మంది వచ్చారు. భూలక్ష్మక్క మామిడికాయ కోసి, ఉప్పూ కారం పోసిన పళ్ళెం మధ్యలో పెట్టింది. రమ పొద్దున్నే ఎక్కడికో పోతున్నానని చెప్పి పోయింది. నేను అడగలేదు.

పదకొండు కావస్తుండగా బయట ఆటో ఆగింది. ముందు రమ దిగింది. తర్వాత తాయారమ్మ, ఒడిలో జాడీ పెట్టుకుని. తర్వాత జోగారావు సార్. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా.

భూలక్ష్మక్కే లేచింది.

"రా సార్. మీ యాదగిరి ముసలోడయ్యిండనుకున్న. నన్ను నేను అద్దంల చూసుకోలే."

"నువ్వు శంకరయ్య కూతురివి కదూ? రింగులో నాగేశ్వరం గెలిస్తే మా ఆఫీసు తలుపు తన్నినదానివి."

"ఒక్కసారే తన్నిన సార్!"

"మూడుసార్లు."

అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన నా వైపు ఒకసారి తల ఊపాడు, బ్యాంకులో ఎదురైన మనిషికి ఊపినట్టు. టీవీ పక్కన వేసిన కుర్చీలో కూర్చున్నాడు. తిరుమల్ పెళ్ళిళ్ళకు వాడే మైకు తెచ్చిచ్చాడు. ఆయన దాన్ని వేలితో రెండుసార్లు తట్టాడు.

"హలో, హలో. జోగారావు కేబుల్ ప్రేక్షకులకు నమస్కారం. ముందుగా ఒక గమనిక. తిరుమల్ టెంట్ హౌస్‌లో కూలర్ ఉందని చెప్పి మమ్మల్ని పిలిచారు. కూలర్‌లో నీళ్ళు లేవు. సంబంధిత వ్యక్తి వెంటనే స్పందించాలి."

తిరుమల్ బిందె పట్టుకుని పరిగెత్తాడు. మేం పడీపడీ నవ్వాం.

ఆ తర్వాత ఆయన ఆపలేదు.

"అదిగో యాదగిరి! యాచారం నుంచి పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు. సీటు దొరకలేదు. ఇబ్రహీంపట్నం దాకా నిలబడే వచ్చాడు. ఆ కోపం మొహంలో చూడండి! ఇటు నాగేశ్వరం. కోటు వేసుకున్నాడు. మే నెలలో కోటు వేసుకున్నవాణ్ణి నమ్మకండి. వీళ్ళిద్దరూ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఎందుకు విడిపోయారు? బావి దగ్గర, కరెంటు మోటారు దగ్గర! మోటారు ఎవరిది? యాదగిరిది. స్టార్టరు ఎవరిది? నాగేశ్వరానిది!"

"గదీ!" అని అరిచింది భూలక్ష్మక్క. "గిప్పుడు అర్థమయ్యింది!"

టీవీలో ఆ లావుపాటి మనుషులు మళ్ళీ గుట్టలయ్యారు. యాదగిరి పడితే మేం నిలబడ్డాం. యాదగిరి లేస్తే కుర్చీలు చరిచాం. నలభై దాటినవాళ్ళం, యాభై దాటినవాళ్ళం. తాయారమ్మ రమ పక్కన కూర్చుని, ఈయనకు పిచ్చి తగ్గలేదమ్మా అంటోంది, కానీ కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

అప్పుడు ఆ ఘట్టం వచ్చింది. కొట్లాట ఆగింది. నాగేశ్వరం రింగు మధ్యలో మోకాళ్ళ మీద కూలబడి, చేతిలో మైకు పట్టుకుని ఏడుస్తున్నాడు. జోగారావు సార్ మాట ఆపాడు.

"ప్రేక్షకులారా, ఇప్పుడు నాగేశ్వరం మాట్లాడతాడు. ఆ రోజుల్లో ఇతని మాటలు కూడా నేనే చెప్పేవాణ్ణి. ఇవాళ నా గొంతు సహకరించడం లేదు." మైకు నా వైపు చాపాడు. "మీరు చెప్పండి, దేవేందర్ గారూ."

గొంతుకు ఏమీ కాలేదు. అరగంట నుంచి రేకులు అదిరేలా మాట్లాడుతున్నాడు.

మైకు తీసుకున్నాను. కొన్ని వందల సభల్లో మైకు పట్టుకున్నాను. అంత బరువు ఎప్పుడూ లేదు. టీవీలో వాడి పెదాలు కదులుతున్నాయి. నా కోసం ఆగవు.

"అన్నా," అన్నాను. "యాదగిరన్నా. నేను తప్పు చేసిన."

మైకు రెండో చేతిలోకి మార్చాను.

"నువ్వు నీళ్ళు తెచ్చినవ్. నేను నలుగుర్ల నిన్ను నిలబెట్టి నవ్వించిన. నవ్వుతనే ఉన్నరు కదా, దెబ్బ ఏడ తాకిందనుకున్న. పదమూడేండ్లు మజాకే అనుకున్న. మజాకు గాదన్నా. ఊరిడిపించిన. నా ఇంటిదానికి తల్లి లెక్క ఉన్నామెను అంగట్ల తలొంచుకునేటట్టు జేసిన. తప్పైంది."

టీవీలో యాదగిరి చెయ్యి చాపాడు. నాగేశ్వరాన్ని లేవదీశాడు. కౌగిలించుకున్నాడు. నేను రమ వైపు చూశాను. ఆమె తన అరచేతులు చూసుకుంటోంది. జోగారావు సార్ నన్ను చూడటం లేదు, టీవీ చూస్తున్నాడు.

అంతలో నాగేశ్వరం యాదగిరి భుజం మీదుగా ఒక చెయ్యి కిందికి దించాడు. రింగు అంచు నుంచి మడత ఇనుప కుర్చీ ఒకటి లాగాడు. యాదగిరి వెనక్కి తిరిగాడో లేదో, వీపు మీద ధన్‌మని వేశాడు.

"నీయవ్వ!" అని లేచింది భూలక్ష్మక్క.

"అరే! గిదేంది!" అన్నాడు తిరుమల్.

పన్నెండు మందీ నా వైపు తిరిగారు, కుర్చీ నేనే వేసినట్టు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. జోగారావు సార్ నెమ్మదిగా చెయ్యి చాపి దాన్ని తీసుకున్నాడు.

"చూశారా ప్రేక్షకులారా! దేవేందర్ గారి క్షమాపణ అర నిమిషం కూడా నిలవలేదు!"

షెడ్డు పేలిపోయింది. తాయారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రమ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తిరుమల్ కింద కూర్చుండిపోయాడు. నేను మాత్రం ఏం చేయను? నేనూ నవ్వాను. నాకు నేనుగా తవ్వుకున్న గుంట అది, బాగానే పడ్డాను.

నవ్వు సద్దుమణిగాక భూలక్ష్మక్క చెయ్యి ఎత్తింది.

"ఆగుండ్రి. గప్పుడు ఇద్దరు కలిసిపోయిండ్రు గద? నా కండ్లతోని చూసిన. పట్టుకున్నరు, గంతల కరెంటు పోయింది. ఆ కుర్చీ ఏడికెళ్ళి వచ్చింది?"

"కుర్చీ అప్పుడూ ఉందమ్మా," అన్నాడు జోగారావు సార్. మైకు పక్కన పెట్టాడు. "కరెంటే పోలేదు. తీగ నేనే పీకాను."

"ఎందుకు సార్?"

"క్యాసెట్ ముందు రోజే మొత్తం చూశాను. వీడు ఏం చేస్తాడో తెలుసు." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "మా ఊరివాడు కదమ్మా. అప్పటికే నాలుగేళ్ళుగా మీ అందరి చేతా తిట్టిస్తున్నాను. ఒక్కసారైనా మంచివాడనిపించుకోనీ అనుకున్నాను."

పాతికేళ్ళుగా మా ఊరంతా నాగేశ్వరం బాగుపడ్డాడని నమ్మింది. ఆ నమ్మకం ఈయన ఒక్క తీగ పీకి ఇచ్చింది. నేను సమ్మె టెంటులో ఎవరి పేరు పట్టుకుని కొట్టానో అప్పుడు పూర్తిగా తెలిసింది.

"సార్," అన్నాను. మైకు లేకుండా నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నేనన్నయి నాగేశ్వరం మాటలు గావు."

"తెలుసులేరా."

కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"తిరుమల్, వెనక్కి తిప్పు. వాడు మోకాళ్ళ మీద కూర్చున్న దగ్గర నుంచి పెట్టు. కుర్చీ రాకముందే ఆపేయ్." మళ్ళీ నా వైపు చూసి విసుక్కున్నాడు. "ఒరేయ్ దేవా, పక్కకు జరుగు. టీవీకి అడ్డంగా నిలబడ్డావు."

జరిగాను.

మూఢం అయిపోయి పెళ్ళిళ్ళు మొదలయ్యేదాకా ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. కోడ్ పోయింది, నా ధర్నాలు నాకొచ్చాయి, తిరుమల్ కుర్చీలు తిరుమల్‌కు పోయాయి. షెడ్డు చాలక మా ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టాం. రమ ఇప్పుడు గట్టిగానే మాట్లాడుతుంది ఫోన్లో, వీధి గుమ్మంలో నిలబడి, నా మీద ఫిర్యాదులతో సహా.

సార్ వచ్చిన ఆ మొదటి ఆదివారం మాత్రం, తిరుమల్ రెండోసారి వేసినప్పుడు, కామెంటరీ లేదు. నాగేశ్వరం ఏడ్చాడు, యాదగిరి లేవదీశాడు, ఇద్దరూ పట్టుకున్నారు. తిరుమల్ అక్కడ ఆపాడు. ఆపి, అన్నం పళ్ళేలు తెచ్చాడు.

తాయారమ్మ జాడీ మూత తీసింది. కొత్తావకాయ. భూలక్ష్మక్క ఒక ముద్ద తిని, ఎల్లిగడ్డ తక్కువైందని తీర్పు చెప్పింది. వెల్లుల్లి వేయడమే నీ కోసం వేశానమ్మా, మా ఇంట్లో వేయం అంది తాయారమ్మ. ఆ తగువు మూడు దాకా నడిచింది. దానికి మోటారూ స్టార్టరూ అవసరం లేకపోయింది.

మేం తింటుంటే టీవీ దానంతటది నల్లబడింది. తిరుమల్ ఎంగిలి చేత్తోనే లేచి, మోచేత్తో ఫోన్ తట్టాడు. ఆ ఇద్దరూ మళ్ళీ వెలిగారు, చెమటతో, కళ్ళు మూసుకుని, ఒకరినొకరు గట్టిగా పట్టుకుని. కాసేపటికి మళ్ళీ నల్లబడింది. రమ లేచి తట్టింది.

మూడోసారి జోగారావు సార్ లేచాడు.